కంప్యూటరు మీటలపై మన అక్షరములు

శామీర్‌పేట అను పేరును కంప్యూటరుపై సరిగా వ్రాయుటకు పది పర్యాయములు మీటలు నొక్కవలసియున్నది. శకారము, దాని దీర్ఘము, మకారము, దాని గుడిదీర్ఘము, రేఫము, పొల్లు, పకారము, దాని ఏత్వము, టకారము అని లెక్కించినచో ఇవి తొమ్మిదియే అగును. పదవది కంటికి కానరాదు. అది పొల్లునకును పకారమునకును నడుమ నిలిచి, ఆ రెండింటిని కలిసిపోనీయక ఆపునట్టి గుర్తు. అది లేనిచో పకారము రేఫము క్రిందికి జారి వత్తుగా మారును. ఊరి పేరు ‘శామీర్పేట’ అని అచ్చగును. చదువువారు ‘పేట’ ఎక్కడ ఉన్నదో వెదకికొనవలెను.

ఈ చిక్కు ఒక్క శామీర్‌పేటకే పరిమితము కాదు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మన జిల్లా పేరులోనే అది కలదు. మల్కాజ్‌గిరి అను మాటలో ఆ గుర్తును విడిచినచో ‘మల్కాజ్గిరి’ అగును. జవహర్‌నగర్, ఘట్‌కేసర్ అను పేర్లకును ఇదే గతి. మేడ్చల్ అను మాట విడిగా ఉన్నంతసేపు ఏ ఇబ్బందియు లేదు. దానికి విభక్తి తగిలించి ‘మేడ్చల్‌లో’ అని వ్రాయబోవగానే ‘మేడ్చల్లో’ అని రెండు లకారములు ఒకదానిక్రింద ఒకటి చేరును. కీసర, మూడుచింతలపల్లి వంటి పేర్లు అచ్చుతో ముగియును. వాటికి ఈ బాధ లేదు. హల్లుతో ముగియు మాటకు మరియొక మాట చేర్చి ఊరిపేరు కట్టుట హైదరాబాదు చుట్టుప్రక్కల విశేషముగా ఉన్నది గనుక, ఈ గుర్తు అవసరము మన ప్రాంతమువారికి అడుగడుగునను కలుగుచుండును.

అందము కొఱకు మాత్రమే దీనిని చెప్పుటలేదు. ఒక మహిళాసంఘమువారు తమ సభ్యుల పట్టికను కంప్యూటరులో వ్రాసికొన్నారనుకొందము. ఒకరు ఊరిపేరును ఆ గుర్తుతో వ్రాసిరి. వేరొకరు గుర్తు లేక కలిపి వ్రాసిరి. మూడవవారు ఖాళీ విడిచి ‘శామీర్ పేట’ అని రెండు మాటలు చేసిరి. మనకు మూడును ఒక్క ఊరే. కంప్యూటరు సాధారణముగా వాటిని మూడు వేర్వేరు పేర్లుగా ఎంచును. ఊరివారీగా సభ్యులెందరని లెక్క తీయబోయినచో మొత్తము తగ్గిపోవును. వెదకినచో కొందరి పేర్లు దొరకవు. దొరకని మనిషి పేరు జాబితాలో లేనట్లే తలచి త్రోసివేయుట ఎక్కడనైనను జరుగగల పని. జిల్లా కలెక్టరు కార్యాలయము శామీర్‌పేట మండలము అంతాయిపల్లి వద్ద 2022లో ప్రారంభమైనది. అర్జీలు వ్రాయించుకొని వచ్చువారు పలువురు ఇటువంటి టైపుపనిమీదనే ఆధారపడుదురు. ‘ల’కు బదులు ‘ళ’, ‘శ’కు బదులు ‘స’ పడుటయు ఇట్టిదే. వ్రాయువానికి తెలియక కాదు, కావలసిన అక్షరము ఏ మీటక్రింద ఉన్నదో చేతికి అందక, దొరికినదానితో సరిపెట్టుట వలన అట్టి తప్పులు పడుచుండును.

మన చేతికి అందని అక్షరమును అందునట్లు చేసికొనుట యెట్లు? ఇది సాధ్యమేనా? నిశ్చయముగా సాధ్యము. ఖర్చు కూడ లేదు. అయితే ముందు కీబోర్డు పనిచేయు తీరును కొంచెము తెలిసికొనవలెను.

మీట, అంకె, అక్షరము

కీబోర్డుపై ‘కె’ అని ముద్రించియున్న మీటను నొక్కినచో ‘కె’ అను అక్షరమే తీగవెంట కంప్యూటరులోనికి పోవునని చాలమంది తలంతురు. అట్లు జరుగదు. లోనికి పోవునది ఒక సంకేతము మాత్రమే. కంప్యూటరును నడిపించు లినక్సు అను వ్యవస్థ దానిని 37 అను సంఖ్యగా గ్రహించును. స్పేసు మీటకు 57. ఏ మీటకు ఆ మీటకే ఒక సంఖ్య. ఈ సంఖ్యకు ఏ అక్షరము ఈయవలెనో చెప్పు పట్టిక వేరుగా కలదు. ఇంగ్లీషు పట్టిక పెట్టినచో 37కు ‘కె’ వచ్చును. తెలుగు పట్టిక పెట్టినచో ‘క’ వచ్చును. షిఫ్టు పట్టి నొక్కినచో ‘ఖ’ వచ్చును. మీటపై ముద్రించిన అక్షరము కేవలము పై రంగు. పాతబస్సుకు క్రొత్త ఊరి బోర్డు తగిలించినట్లు, యంత్రమును కదల్పకయే పట్టికను మార్చుకొనవచ్చును.

ఈ సంగతి తెలిసిన పిమ్మట ఇంగ్లీషు అక్షరముల వరుసపై గల భయము పోవును. క్యు, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అను ఆ వరుస అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ అనువాడును అతని సహచరులును తయారుచేసిన టైపుయంత్రముతో పుట్టినది. వారి మొదటి పేటెంటు 1868 నాటిది. రెమింగ్టన్ సంస్థ ఆ యంత్రమును 1874లో విక్రయమునకు తెచ్చినది. దానికంటె మేలైన వరుసయని చెప్పి డ్వోరాక్ అను ఆచార్యుడు వేరొక అమరికకు 1936లో పేటెంటు పొందెను. జనులు మాత్రము పాతదానినే విడువలేదు. చేతికి అలవడినది మార్చుట యెంత కష్టమో దీనివలన తెలియుచున్నది. తెలుగునకు అట్టి ఒకే అలవాటు ఇంకను స్థిరపడలేదు గనుక, ఆరంభించువారు తెలిసి ఎన్నుకొనుటకు అవకాశము మిగిలియున్నది.

పాత కంప్యూటరు పనికిరానిదా?

ఈ ప్రయోగమునకు క్రొత్త యంత్రము కొననక్కరలేదు. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితముగా ఇచ్చుచుండిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగిసినవి. దాని తరువాతిదగు విండోస్ 11కు కనీసము 4 జీబీ మెమరీయు, 64 జీబీ నిల్వయు, టీపీఎం 2.0 అను భద్రతాభాగమును కావలెను. పది పండ్రెండేండ్లనాటి యంత్రములలో అనేకమునకు ఆ భాగము లేదు. పాఠశాలలోను, గ్రంథాలయములోను, చిన్న దుకాణములలోను గల అట్టి యంత్రములను మూలబెట్టుట కంటె, వాటిపై తేలికపాటి లినక్సును ఎక్కించుట మేలని మా అభిప్రాయము.

తేలికపాటి అనగా, తెరపై హంగులు తగ్గించి, తక్కువ మెమరీతో నడుచునట్లు కూర్చినది. ఇట్టివి పెక్కు గలవు. వానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనునది ఒలివియే ఫూర్దాఁ అను ఫ్రెంచి దేశీయుడు 1996లో ఆరంభించినది. ఎల్‌ఎక్స్‌క్యూటీ అనునది వేరొకటి. లుబుంటు అను వ్యవస్థ 2018 నుండి దానిని వాడుచున్నది. వీనికి ధర లేదు. నకలు చేసి పొరుగువారికి ఇచ్చుటకు చట్టము అడ్డు చెప్పదు. 2 జీబీ మెమరీ గల యంత్రముపై కూడ ఉత్తరములు వ్రాయుట, లెక్కల పట్టికలు వేయుట చక్కగా జరుగును. మిక్కిలి పాతవియగు 32 బిట్ల యంత్రముల విషయములో మాత్రము విచారించి ముందుకు పోవలెను. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 నుండి అట్టివాటిపై వ్యవస్థను క్రొత్తగా స్థాపించు సదుపాయము తొలగింపబడినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ సంస్థవారు ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోనికి తెచ్చుటకును, బాలస్వేచ్ఛ పేరిట పిల్లల కొఱకు ఒక కూర్పును సిద్ధపరచుటకును కృషిచేసిరి.

ఏ అమరికను ఎన్నుకొనవలెను?

తెలుగునకు మీటల అమరికలు అనేకము పుట్టినవి. భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నిటికిని కలిపి ఇన్‌స్క్రిప్ట్ అను అమరికను ప్రమాణముగా ప్రకటించినది. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ వెలువరించిన ఐఎస్ 13194 అను ప్రమాణములో అది చేర్చబడినది. దీనియందు అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతి వైపునను, హల్లులలో అధికభాగము కుడిచేతి వైపునను ఉండును. తెలుగువ్రాత హల్లు, గుణింతము, మరల హల్లు అను క్రమములో సాగును గనుక రెండు చేతులును వంతులవారీగా పనిచేయును. ఒక చేయి అలసిపోదు.

దీని క్రమము కొంచెము చూచినంతనే అర్థమగును. ‘క’ ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కినచో ‘ఖ’. హెచ్ మీటపై ‘ప’, షిఫ్టుతో ‘ఫ’. ఎన్ మీటపై ‘ల’, షిఫ్టుతో ‘ళ’. జె మీటపై ‘ర’, షిఫ్టుతో ‘ఱ’. గుణింతపు గుర్తునకు షిఫ్టు చేర్చినచో పూర్తి అచ్చు వచ్చును. పొల్లు డి మీటపై ఉన్నది. వత్తులన్నియు దానితోనే పుట్టును. మేడ్చల్ అని వ్రాయుటకు సి, ఎస్, చదరపు బ్రాకెట్టు, డి, సెమికోలను, ఎన్, డి అని ఏడు మీటలు చాలును.

దీనికి మరియొక గుణము కలదు. దేవనాగరిలో ‘క’ ఎక్కడ ఉన్నదో, కన్నడములోను, ఒడియాలోను అక్కడనే ఉండును. మేడ్చల్ పరిసరముల కర్మాగారములలో పలు రాష్ట్రములవారు పనిచేయుచున్నారు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చిన తెలుగు టైపిస్టు, పట్టికను మార్చుకొన్నంతనే, హిందీ దరఖాస్తును అవే వేళ్లతో వ్రాయగలడు. వేరే అమరికలలో ఈ సౌకర్యము ఇంత సులభముగా దొరకదు.

అయినను అందరును దీనినే పట్టవలెనని మేము చెప్పుటలేదు. ఇంగ్లీషు మీటలకు అలవడి, శబ్దమునుబట్టి వ్రాయగోరువారికి కగప అను అమరిక కలదు. ఇది కన్నడ గణక పరిషత్తు పేరిట వచ్చినది. తెలుగునకు కూడ ఏర్పరచిరి. సరళ అను పేరుతో మరియొకటి కలదు. ఈ మూడును లినక్సు పట్టికలలో ముందే చేర్చబడియున్నవి; వేరుగా తెచ్చుకొననక్కరలేదు. డీటీపీ పనిలో ఆపిల్ అమరికకు చేతులు అలవడినవారు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేరుతో ప్రసిద్ధమైన ఆర్‌టీఎస్ పద్ధతిలో వ్రాయువారు, పోతన అమరికవారు ఐబస్ అను పనిముట్టును, దానితో ఎం17ఎన్ అను పట్టికల కట్టను స్థాపించుకొన్నచో తమ తమ అమరికలను అందు పొందవచ్చును. ఇరువది యేండ్లుగా ఒక తీరున పరుగెత్తిన వేళ్లను నేడు బలవంతముగా మలుపుట న్యాయము కాదు. క్రొత్తగా నేర్చు పిల్లలకు మాత్రము ఇన్‌స్క్రిప్ట్ నేర్పుటయే మంచిదని మాకు తోచుచున్నది. అక్షరమాల క్రమము తెలిసిన పిల్లవానికి అది ఇట్టే పట్టుబడును; తెలుగు వ్రాయుటకు ముందు ఇంగ్లీషు స్పెల్లింగును తలచుకొనవలసిన పని తప్పును.

ఏ అమరిక పట్టినను, వ్రాసినది యూనికోడ్ పద్ధతిలో ఉండవలెను. పూర్వపు కొన్ని ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు బొమ్మలను పెట్టిరి. ఆ ఫాంటు లేనిచోట అట్టి వ్రాత అర్థములేని గుర్తుల గుంపుగా కనబడును. యూనికోడులో తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములు కేటాయింపబడినవి.

అమర్చుకొను విధము

ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెట్టింగ్స్ మేనేజరు తెరచి కీబోర్డు అను గుర్తును నొక్కవలెను. అందు లేఅవుట్ అను భాగము కలదు. ‘సిస్టం డిఫాల్ట్స్ వాడుము’ అను మీటను ఆపివేసినచో, క్రింద పట్టికలను చేర్చు అవకాశము తెరచుకొనును. ఇంగ్లీషును మొదటను, తెలుగును రెండవదిగాను చేర్చవలెను. ఈ వరుస ముఖ్యము. తెలుగు ఒక్కటే ఉంచినను, దానినే మొదట పెట్టినను, కంట్రోలు మీటతో చేయు నకలు, అతికింపు మొదలగు సత్వరపు పనులు కొన్ని ప్రోగ్రాములలో నిలిచిపోవును. ఆ ప్రోగ్రాములు ‘సి’ అను ఇంగ్లీషు అక్షరము కొఱకు చూచుచుండగా వానికి ‘మ’ అందును. ఇంగ్లీషు మొదట ఉన్నచో ఆ చిక్కు చాలవరకు తొలగును.

ఒక పట్టికనుండి మరియొకదానికి మారుటకు ఏ మీట? ఆల్టును షిఫ్టును కలిపి నొక్కు పద్ధతి వాడుకలో ఉన్నది. కాని ఆల్టు, షిఫ్టు, ట్యాబు కలిపి నొక్కి కిటికీలను వెనుకకు మార్చు అలవాటు గలవారికి అది అడ్డుతగులును. క్యాప్స్‌లాకు మీటను ఈ పనికి కేటాయించుట మేలు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరములు లేవు; ఇంగ్లీషునకు పెద్దబడి కావలసినచో షిఫ్టు చాలును. ఆ మీట ఎడమచేతి చిటికెన వ్రేలికి దగ్గరగా ఊరక కూర్చున్నది. అంతియగాక ఆ మీటకు కీబోర్డుపై చిన్న దీపమున్నది. తెలుగు పట్టిక నడుచునపుడు ఆ దీపము వెలుగునట్లు అమర్చుకొనవచ్చును.

ఈ దీపమును అల్పముగా చూడరాదు. పాస్‌వర్డు వ్రాయునపుడు తెరపై చుక్కలు మాత్రమే కనబడును. తెలుగు పట్టిక నడుచుచుండగా ఇంగ్లీషు పాస్‌వర్డు వ్రాసినచో యంత్రము లోనికి రానీయదు. యంత్రము చెడిపోయినదనుకొని మరమ్మతుకు తీసికొనిపోవువారును ఉందురు. దీపము వెలుగుచున్నదా అని ఒక్క చూపు చూచినచో సరిపోవును.

పైన చెప్పిన కనబడని గుర్తును, ఈ దీపమును ఆ సెట్టింగ్స్ కిటికీలో చూపలేదు. వానిని ఒక చిన్న ఫైలులో వ్రాయవలెను. డెబియన్, ఉబుంటు వంశపు వ్యవస్థలలో ఈటీసీ అను అర లోపల డిఫాల్ట్ అను అరలో కీబోర్డు అను పేరుతో అది ఉండును. దానిని మార్చుటకు నిర్వాహకుని పాస్‌వర్డు కావలెను; మొదటిసారి తెలిసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మంచిది. మార్చుటకు ముందు ఫైలునకు ఒక నకలు తీసి ఉంచవలెను. లేఅవుట్ అను వరుసలో యు ఎస్ అనియు, కామా పెట్టి ఐ ఎన్ అనియు వ్రాయవలెను. వేరియంట్ అను వరుసలో ముందుగా కామా, తరువాత టి ఇ ఎల్ అని ఉండవలెను. అన్నియు ఇంగ్లీషు చిన్నబడి అక్షరములే. ఆ కామాకు ముందు ఏమియు లేకుండుటను చూచి కొందరు దానిని తుడిచివేయుదురు. తుడువరాదు. ఇంగ్లీషు పట్టికకు ప్రత్యేక రూపమేదియు అక్కరలేదని చెప్పుటకే ఆ ఖాళీ. కామాను తుడిచినచో తెలుగు రూపము ఇంగ్లీషునకు అంటి, తెలుగు రాకపోవును.

ఆప్షన్స్ అను వరుసలో మూడు మాటలు కావలెను. మొదటిది, జి ఆర్ పి, కోలను, క్యాప్స్, క్రింది గీత, టాగుల్. దీనివలన క్యాప్స్‌లాకు మీట పట్టికను మార్చును. రెండవది, జి ఆర్ పి, క్రింది గీత, ఎల్ ఇ డి, కోలను, క్యాప్స్. దీనివలన దీపము వెలుగును. మూడవది, ఎన్ బి ఎస్ పి, కోలను, జెడ్ డబ్ల్యు ఎన్ జె, అంకె 2. వీని నడుమ కామాలు తప్ప ఖాళీలు ఉండరాదు. ఇట్లు వ్రాసిన పిదప, ముందు చెప్పిన ‘సిస్టం డిఫాల్ట్స్ వాడుము’ అను దానిని మరల నడుపవలెను. ఎక్స్‌ఎఫ్‌సీఈ అపుడు ఈ ఫైలునే అనుసరించును. యంత్రమును ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించవలెను.

మూడవమాట ఫలితమేమనగా, షిఫ్టు పట్టి స్పేసు మీటను నొక్కినచో ఖాళీకి బదులు, పొల్లును విడదీయు ఆ అదృశ్యచిహ్నము పడును. దీనిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అందురు. ఇన్‌స్క్రిప్టులో శామీర్‌పేటకు వేళ్లు నడచు త్రోవ ఇది: షిఫ్టుతో ఎమ్, తరువాత ఇ, సి, ఆర్, జె, డి, షిఫ్టుతో స్పేసు, హెచ్, ఎస్, అపోస్ట్రఫీ. ఒక దినము అభ్యసించినచో కన్ను చూడకయే చేయి వ్రాయును. ఫైలును మార్చ వీలులేనివారికి వేరొక దారి కలదు. అనేక ప్రోగ్రాములలో కంట్రోలు, షిఫ్టు, యు కలిపి నొక్కి, 200సి అని ఇంగ్లీషులో వ్రాసి, ఎంటరు నొక్కినచో అదే గుర్తు పడును. ఎప్పుడో ఒకసారి వ్రాయువారికి అది చాలును.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ సదుపాయము ఇంగ్లీషు పట్టికలో కూడ పనిచేయును. పెద్దబడి అక్షరములను వరుసగా వ్రాయుచు షిఫ్టును వదలక స్పేసు నొక్కినచో, ఖాళీ పడక, కనబడని గుర్తు మాటల నడుమ చేరును. పాస్‌వర్డులోనో ఫైలు పేరులోనో అది చేరినచో కనిపెట్టుట కష్టము. స్పేసునకు ముందు షిఫ్టును వదలు అలవాటు చేసికొనవలెను. తెలుగులో కూడ అవసరము లేనిచోట దానిని చల్లరాదు. మాట చివరి పొల్లునకు తరువాత ఖాళీ వచ్చునపుడు, అనగా ‘మేడ్చల్ మండలము’ వంటి చోట్ల, అది అక్కరలేదు.

రూపాయి గుర్తు సంగతి కూడ ఇక్కడనే చెప్పుదుము. ప్రభుత్వము ఈ గుర్తును 2010 జూలైలో స్వీకరించినది. యూనికోడులో అదే యేట చేరినది. ఇంగ్లీషు పట్టికకు బదులు ‘ఇంగ్లీషు, ఇండియా, రూపాయితో’ అనుదానిని ఎన్నుకొన్నచో, కుడివైపు ఆల్టు పట్టి 4 అంకె మీటను నొక్కగానే ఆ గుర్తు పడును.

సత్వర మీటలు

అక్షరముల మాట అటుండనిచ్చి, పనులకు కూడ మీటలను కేటాయించుకొనవచ్చును. కోత, నకలు, అతికింపు అను పనులను రూపొందించినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్. 1970 దశకములో ఆయన కాలిఫోర్నియాలోని జెరాక్సు పరిశోధనశాలలో ఆ పని చేసెను. వానికి ఎక్స్, సి, వి అను మీటలు స్థిరపడినవి. కీబోర్డు క్రింది వరుసలో అవి ప్రక్కప్రక్కనే ఉండుట చూడుడు. ఇవి చాల చోట్ల ఒక్కటే. వీనిని మార్చకుండుటయే మంచిది.

మార్చుకొనవలసినవి మన నిత్యకృత్యమునకు సంబంధించినవి. కీబోర్డు సెట్టింగ్సులోనే అప్లికేషన్ షార్ట్‌కట్స్ అను భాగము కలదు. అందు చేర్చుము అని నొక్కి, తెరువవలసిన ప్రోగ్రాము పేరు వ్రాసి, కావలసిన మీటలను నొక్కి చూపినచో యంత్రము గుర్తుంచుకొనును. విండోస్ గుర్తు గల మీటను లినక్సువారు సూపర్ మీట అందురు. సూపర్, టి కలిపినచో మౌస్‌ప్యాడ్ అను వ్రాతపుస్తకము తెరచుకొనునట్లును, సూపర్, ఎల్ కలిపినచో తెర తాళము పడునట్లును అమర్చుకొనవచ్చును. రోజంతయు జనులు వచ్చిపోవు చోట, ఎదుటివారి కాగితములు తెరపై ఉండగా లేచిపోవలసివచ్చినపుడు, ఈ రెండవది మిక్కిలి ఉపయోగపడును. పాత కూర్పులలో సూపర్ మీటను ఒంటరిగా మెనూ తెరచుటకు కేటాయించినచో, దానితో కలిపిన జంటలు సరిగా పనిచేయకపోవచ్చును. అపుడు మెనూకు వేరొక మీట ఈయవలెను.

అర్జీలు వ్రాయువారికి లిబ్రె ఆఫీసులో ఆటోటెక్స్ట్ అను సౌకర్యము కలదు. ‘శామీర్‌పేట మండలము, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా’ అను పంక్తిని ఒకసారి సరిగా వ్రాసి, ఎంచుకొని, కంట్రోలు, ఎఫ్3 నొక్కి, ‘శామే’ వంటి పొట్టిపేరుతో దాచవలెను. తరువాత ‘శామే’ అని వ్రాసి ఎఫ్3 నొక్కినచో పంక్తి అంతయు వచ్చును. ఒకసారి సరిదిద్దిన వర్ణక్రమము ప్రతి అర్జీలోను నిలుచును.

వేళ్లు వణకు పెద్దలకును, ఒంటిచేతితో పనిచేయువారికిని ఇందే సాయమున్నది. సెట్టింగ్స్ మేనేజరులో యాక్సెసిబిలిటీ అను గుర్తుక్రింద కీబోర్డు భాగమును చూడవలెను. అంటుమీటలు అనదగిన స్టిక్కీ కీస్‌ను నడిపినచో, షిఫ్టును పట్టియుండనక్కరలేదు. ముందు షిఫ్టును నొక్కి వదలి, తరువాత అక్షరపు మీటను నొక్కినను చాలును. ఇన్‌స్క్రిప్టులో ఒత్తక్షరములకు షిఫ్టు తరచుగా కావలెను గనుక ఒంటిచేతివారికి ఇది గొప్ప ఊరట. బౌన్స్ కీస్‌ను నడిపినచో, వణకు వ్రేలు ఒకే మీటను వెంటవెంటనే రెండుసార్లు తాకినను అక్షరము ఒక్కటే పడును. స్లో కీస్ వలన, పొరపాటున తగిలిన మీటను యంత్రము లెక్కచేయదు. కొంతసేపు అదిమి పట్టినదానినే గ్రహించును. ఆ వ్యవధిని మనము హెచ్చించుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును.

తెలుగు అక్షరములు ముద్రించిన కీబోర్డు లేదని ఆగనక్కరలేదు. ఆన్‌బోర్డు అను చిన్న ప్రోగ్రామును తెరచినచో తెరపై కీబోర్డు బొమ్మ కనబడును; తెలుగు పట్టికకు మారగానే దాని మీటలపై తెలుగు అక్షరములే చూపును. ఆ బొమ్మను ఒక కాగితముపై అచ్చు వేసికొని, ఏ అక్షరము ఎక్కడనో పెద్ద అక్షరములతో తిరుగ వ్రాసి, తెర ప్రక్కన అంటించుకొనవచ్చును. స్పేసు మీట గీసినచోట ‘షిఫ్టుతో: విడదీయు గుర్తు’ అని వ్రాయుట మరువరాదు. కొందరు ఒక్కొక్క మీటకు చిన్న కాగితపు ముక్కలు అంటింతురు. అవి వారము దినములలో చెమటకు ఊడిపోవును, జిగురు మీటల సందులలో చేరును.